ఇంటి బాల్కనీలో సీఎన్‌సీ చెక్కపని

బ్యాంకు నుంచి విశ్రాంతి తీసుకున్న మూడో నెలలో మా ఆవిడ ఒక మాట అంది. "ఏమండీ, పొద్దున పది కాగానే గడియారం చూస్తున్నారు. సాయంత్రం ఐదు కాగానే మళ్ళీ చూస్తున్నారు. మధ్యలో నా వంట చూస్తున్నారు. ఏదైనా పని పెట్టుకోండి." పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి చెవిలో కూడా ఈ మాట వేసినట్టుంది. నా పుట్టినరోజుకు వాడి దగ్గర నుంచి ఒక బరువైన పెట్టె వచ్చింది. విప్పితే అల్యూమినియం కడ్డీలు, మరలు, మూడు చిన్న మోటార్లు, ఒక సర్క్యూట్ బోర్డు, కట్టలు కట్టలుగా వైర్లు. "నాన్నా, అది సీఎన్‌సీ రూటర్. చెక్క మీద బొమ్మలు చెక్కుతుంది. బిగించుకోవడం మీ పని" అన్నాడు ఫోనులో.

బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. వాడటం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. ఈ ఏడాదిలో నేను చెక్కినవాటిని వీడియోలుగా పెడుతుంటే పాత సహోద్యోగులు ఫోన్లు చేసి అడుగుతున్నారు: అది ఎలా పనిచేస్తుంది, మనవాళ్ళు నేర్చుకోగలరా, ఇంట్లో పెట్టుకోవచ్చా అని. వారందరికీ ఒకేసారి జవాబుగా ఈ వ్యాసం. ఒక వీడియో విషయంలో నేను చేసిన పొరపాటు కూడా ఇందులో ఉంది. ఆ పొరపాటు మీరు చేయకూడదనే రాస్తున్నాను.

అసలు సీఎన్‌సీ అంటే

కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్ అనే మాటకు పొట్టి పేరు సీఎన్‌సీ. అంకెలతో ఆజ్ఞలు ఇచ్చి కోత యంత్రాన్ని నడపడం. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల తయారీలో కచ్చితత్వం కోసం మొదలుపెట్టిన ఆలోచన ఇది. 1952లో అక్కడి ఎం.ఐ.టి. సంస్థ, రంధ్రాలు పొడిచిన కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. అప్పుడు గది నిండా ఉన్న యంత్రాంగం ఇప్పుడు స్టూలు మీదికి వచ్చింది. 2009లో గర్బుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రావడం ఇందుకు పెద్ద కారణం. అరచేతిలో పట్టే ఆర్డువినో బోర్డు మీద అది నడుస్తుంది. ఇళ్ళలో వాడే చిన్న మిషన్లలో చాలావాటికి ఇదే మెదడు.

మా ఇంట్లో ఉన్నది 3018 రకం. 300 మిల్లీమీటర్ల పొడవు, 180 మిల్లీమీటర్ల వెడల్పు వరకు పని చేస్తుంది. ధర ఒక మోస్తరు స్మార్ట్‌ఫోన్‌కు అటూ ఇటూగా ఉంటుంది. దీనికి మూడు కదలికలు: కుడి ఎడమలు ఎక్స్, ముందు వెనకలు వై, పైకీ కిందికీ జెడ్. పైన స్పిండిల్ అనే మోటారు, దాని కొసన గిర్రున తిరిగే బిట్ ఉంటాయి. వడ్రంగి చేతిలో ఉలి చేసే పని ఇక్కడ బిట్ చేస్తుంది.

కదిలించే మోటార్లను స్టెప్పర్ మోటార్లు అంటారు. ఇవి ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తాయి. ఒక్కో అడుగును ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఎనిమిది భాగాలు చేస్తే చుట్టుకు 1,600 చిన్న అడుగులు. మర ఒక చుట్టుకు 4 మిల్లీమీటర్లు ముందుకు జరిగేదైతే, ఒక మిల్లీమీటరుకు 400 అడుగులు. ఈ అంకెను మిషనుకు ముందే చెప్పి ఉంచాలి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. 100 మిల్లీమీటర్లు జరగమని చెప్పి స్కేలుతో కొలవండి. 98 మాత్రమే జరిగితే 400ను 100తో గుణించి 98తో భాగించండి. 408 వస్తుంది. ఆ అంకె వేస్తే లెక్క సరిపోతుంది.

బొమ్మ నుంచి చెక్క దాకా

పని మూడు దశల్లో జరుగుతుంది. మొదటిది గీయడం. నేను ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతాను. రెండోది, ఆ గీతను బిట్ నడిచే దారిగా మార్చడం. ఏ బిట్, ఎంత లోతు, ఎంత వేగం అనేవి ఇక్కడ నిర్ణయించాలి. ఇందుకు ఉచితంగా దొరికేవీ ఉన్నాయి, డబ్బు పెట్టి కొనేవీ ఉన్నాయి. మూడోది, తయారైన ఆజ్ఞల పట్టికను మిషనుకు పంపడం. క్యాండిల్, యూనివర్సల్ జీ-కోడ్ సెండర్ వంటివి ఆ పని చేస్తాయి.

ఆ ఆజ్ఞల భాష పేరు జీ-కోడ్. జీ0 అంటే గాలిలో వేగంగా జరుగు. జీ1 అంటే కోస్తూ తిన్నగా వెళ్ళు. జీ2, జీ3 అంటే వంపు తిరుగు. ఎం3 అంటే స్పిండిల్ తిప్పు, ఎం5 అంటే ఆపు. మన వోచరు లాంటిదే ఇది. రాసినది రాసినట్టు మిషను పోస్టు చేస్తుంది. "సార్, ఇక్కడ సున్నా ఎక్కువ పడినట్టుంది" అని చెప్పే గుమాస్తా దాని లోపల లేడు. అందుకే పంపే ముందు తెర మీద నమూనా కోత చూసుకోవాలి. మేకర్ మీరే, చెకర్ కూడా మీరే.

తెలుగు అక్షరాలు చెక్కేవారికి ఒక ముఖ్యమైన సూచన. ఇంక్‌స్కేప్‌లో టైపు చేసిన మాటను అలాగే పంపితే, తర్వాతి సాఫ్ట్‌వేర్ ఒత్తులను విడదీసి పక్కన పడేయవచ్చు. మా ఇంటిపేరు బోర్డు మొదటిసారి అలాగే చెడింది. "ఆబ్జెక్ట్ టు పాత్" అనే ఆజ్ఞతో అక్షరాన్ని ముందే బొమ్మగా మార్చేస్తే ఒత్తు ఉన్నచోటే ఉంటుంది. బిట్ గుండ్రనిది కాబట్టి లోపలి మూలలను పదునుగా కోయలేదు. ఈ విషయంలో మన గుండ్రని అక్షరాలు దానికి అనుకూలం. అయితే 3 మిల్లీమీటర్ల బిట్ 2 మిల్లీమీటర్ల సందులో దూరదు. తలకట్టుకూ అక్షరానికీ మధ్య సందు ఎంత ఉందో చూసి అక్షరం సైజు పెంచుకోవాలి, లేదా సన్నని బిట్ వేసుకోవాలి.

బిట్లు, వేగాలు, కాస్త లెక్క

మొదట మూడు రకాల బిట్లు చాలు. అడుగు చదునుగా ఉండేది గుంటలు తీయడానికి. కొస గుండ్రంగా ఉండేది ఎత్తుపల్లాల బొమ్మలకు. వి ఆకారంలో ఉండేది అక్షరాలకు. వి బిట్ ఎంత లోతుకు దిగితే గీత అంత వెడల్పు అవుతుంది. 90 డిగ్రీల బిట్‌తో 3 మిల్లీమీటర్ల వెడల్పు గీతకు 1.5 మిల్లీమీటర్ల లోతు చాలు. అదే 60 డిగ్రీల బిట్ అయితే 2.6 మిల్లీమీటర్లు దిగాలి. పలకగా ఉన్న చెక్క మీద ఈ తేడా ముందే చూసుకోకపోతే బిట్ అవతలికి వస్తుంది.

వేగం విషయంలో కొత్తవారు భయంతో చేసే తప్పు మరీ నెమ్మదిగా నడపడం. అప్పుడు బిట్ చెక్కను కోయదు, రాస్తుంది. చెక్క నల్లబడి కాలిన వాసన వస్తుంది, బిట్ మొండిబారుతుంది. చూడాల్సింది బిట్ ఒక్కో అంచు ఒక్కోసారి ఎంత చెక్క తీస్తోందని. స్పిండిల్ నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతోంది, బిట్‌కు రెండు అంచులు, మిషను నిమిషానికి 600 మిల్లీమీటర్లు నడుస్తోంది అనుకుందాం. 600ను 20,000తో భాగిస్తే 0.03 మిల్లీమీటర్లు. చిన్న మిషనుకు ఇది సరిపోయే కోత. లోతు మాత్రం ఒక్కసారికి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకే దించాలి. రాలేది మెత్తని పిండిలా కాక చిన్న పొట్టులా ఉంటే పని సరిగ్గా సాగుతున్నట్టు.

ఎంతసేపు పడుతుందో కూడా లెక్క వేసుకోవచ్చు. 200 మిల్లీమీటర్ల పొడవు, 150 వెడల్పు ఉన్న బొమ్మ. గుండ్రని బిట్ ఒక్కో వరుసకు 0.3 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుంటే 500 వరుసలు. వరుసకు 200 చొప్పున మొత్తం 1,00,000 మిల్లీమీటర్ల నడక. నిమిషానికి 600 చొప్పున 167 నిమిషాలు. దీనికి ముందు మోటుగా చెక్క తీసేసే దశకు మరో గంట. దగ్గరదగ్గర నాలుగు గంటలు.

సున్నా దగ్గర జాగ్రత్త

పని మొదలుపెట్టే ముందు బిట్ కొస చెక్క పైభాగాన్ని తాకేచోట "ఇది సున్నా" అని మిషనుకు చెప్పాలి. ఇది ఓపెనింగ్ బ్యాలెన్స్ లాంటిది. ఇక్కడ తేడా వస్తే ఆ తర్వాత ప్రతి అంకె తప్పే. మొదటి వారంలోనే నేను సున్నాను చెక్క మీద కాక కింది బల్ల మీద పెట్టాను. గాలిలో పైకి లేచి వెళ్ళాల్సిన బిట్ చెక్కలోంచే దూసుకుపోయి టప్‌మని విరిగింది. విరిగిన ముక్క ఎగిరి బాల్కనీ గ్రిల్లుకు తగిలింది. ఆ రోజు కళ్ళద్దాలు పెట్టుకున్నాను కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను.

కరెంటు పోతే ఇంకో తంటా. చిన్న మిషన్లలో మోటారు ఎక్కడ ఉందో తిరిగి చెప్పే ఏర్పాటు ఉండదు. కరెంటు వచ్చాక మిషనుకు తాను ఎక్కడున్నదీ తెలియదు. అందుకని సున్నా స్థానాన్ని చెక్క మూలన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. వీలైతే ఇన్వర్టరుకు కలపాలి. ల్యాప్‌టాప్ మధ్యలో నిద్రపోకుండా సెట్టింగు మార్చుకోవాలి.

ఏ చెక్క, ఎక్కడిది

టేకు బాగా తెగుతుంది. అయితే అందులో సహజంగా ఉండే ఇసుకలాంటి పదార్థం వల్ల బిట్ తొందరగా అరుగుతుంది. వేప, మామిడి కలప నేర్చుకోవడానికి బాగానే ఉంటాయి. పచ్చి చెక్క వద్దు. ఆరేకొద్దీ వంకరపోతుంది. టింబర్ డిపోలో తుక్కు ముక్కలు అడిగితే చవకగా ఇస్తారు. పాత తలుపులు, ద్వారబంధాల చెక్క చక్కగా ఆరి ఉంటుంది, కానీ లోపల మేకులు ఉంటాయి. ఒక అయస్కాంతాన్ని నెమ్మదిగా చెక్క మీద నడిపి చూసుకోండి. ఎర్రచందనం జోలికి పోకండి. చట్టపరమైన కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉండటమే చిక్కు.

చెక్క నార వాటం కూడా చూడాలి. నారకు అడ్డంగా సన్నని భాగాలు వస్తే విరిగిపోతాయి. నెమలి ముక్కు, ఆకు కొస, అక్షరం తోక ఇవన్నీ నార పొడవునా వచ్చేటట్టు చెక్కను తిప్పి పెట్టుకోవాలి. ఇది సాఫ్ట్‌వేర్ చెప్పదు. చెక్కను చేతిలో పట్టుకుని చూడాలి.

ఇంట్లో వాళ్ళ మాట కూడా వినాలి

చెక్క ధూళిని తక్కువగా చూడవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెక్క ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎం.డి.ఎఫ్. పలకల ధూళిలో జిగురు రసాయనాలు కూడా ఉంటాయి. ఎన్-95 మాస్కు, ధూళి పీల్చే వ్యాక్యూమ్, చుట్టూ ఒక పెట్టె, ఈ మూడూ ఉండాలి. పెట్టె ఉంటే శబ్దం కూడా తగ్గుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మా అపార్ట్‌మెంటులో నేను మిషను వేయను. కింది ఇంట్లో పెద్దావిడ నిద్రపోతారు.

తిరిగే బిట్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు, అవి చుట్టుకుని చేతిని లాగుతాయి. చున్నీ, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు కూడా అంతే. అన్నిటికంటే ముఖ్యం, మిషను నడుస్తుండగా బయటికి వెళ్ళకూడదు. మొండిబారిన బిట్ ఒకేచోట రాసుకుంటే పొట్టు అంటుకుంటుంది. నాలుగు గంటల పని అంటే నాలుగు గంటలు పక్కన కూర్చోవడమే. నేను పుస్తకం చదువుకుంటూ కూర్చుంటాను, ఒక చెవి మిషను మీద వేసి. శబ్దం మారితే ఏదో జరిగినట్టు.

నెమలి నేర్పిన పాఠం

ఆరు నెలలు గడిచాక ధైర్యం వచ్చి, టేకు పలక మీద తీగల మధ్య పురివిప్పిన నెమలిని చెక్కించాను. పైన వేసిన నాలుగు గంటల లెక్క దానిదే. బొమ్మ నేను గీసింది కాదు, ఇంటర్నెట్‌లో దొరికింది. ఉప్పుకాగితంతో రుద్ది, నూనె పట్టించి, ఎండలో పెట్టి వీడియో తీశాను. "నేను చెక్కిన నెమలి" అని పేరు పెట్టాను. మా బంధువులు, బ్యాంకు మిత్రులు తెగ మెచ్చుకున్నారు.

పదిహేను రోజుల తర్వాత ఒక ఫోను వచ్చింది. తిరుపతి దగ్గర మాధవమాలలో తరతరాలుగా చెక్క విగ్రహాలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. నేను ఆ వైపు మేనేజరుగా ఉన్నప్పుడు మా బ్రాంచిలో రుణం తీసుకుని ఆఖరి వాయిదా దాకా తప్పకుండా కట్టిన ఒక శిల్పి ఫోను అది.

"సార్, నెమలి బాగుండాది. ఎన్నాళ్ళు పట్టింది?"

"నాలుగు గంటలు" అన్నాను గర్వంగా.

అవతల కాసేపు మాట లేదు. "అట్లయితే మిషను పనా సార్. మాకు పది దినాల పని అది. మొన్న ఒకాయన మీ వీడియో నాకే చూపించి, బ్యాంకు సారు ఇంట్లో కూర్చొని చెక్కినాడు, నువ్వెందుకు ఇంత రేటు చెప్తావు అన్నాడు. మీరు చెక్కినారనే రాసినారు గదా."

నాకు నోట మాట రాలేదు. ఆయనకు రుణం మంజూరు చేసేటప్పుడు, ఒక్కో విగ్రహానికి ఎన్ని రోజులు, రోజుకు ఎంత కూలి గిట్టుబాటు అని లెక్క రాసింది నేనే. ఆ లెక్కను నా వీడియో ఒక్క వాక్యంతో తలకిందులు చేసింది.

ఆయన కోపంగా మాట్లాడలేదు. బొమ్మ గురించే మరో మాట చెప్పాడు. "మెడ చూడండి సార్. పలకకు అతుక్కొని ఉండాది. మేమైతే కింద నుంచి తొలుస్తాం, నీడ పడతాది, ప్రాణం వస్తాది." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మూడు కదలికల మిషను పై నుంచి మాత్రమే దిగగలదు. బొమ్మ అంచు కింద చెయ్యి పెట్టి తొలవలేదు. సాంకేతిక పుస్తకాల్లో ఇది ఉంటుంది, కానీ నా నెమలికి ప్రాణం ఎందుకు లేదో నాకు ఆ రోజే అర్థమైంది.

ఆ సాయంత్రమే వీడియో పేరు మార్చాను: "సీఎన్‌సీ మిషను మీద చెక్కించిన నెమలి. బొమ్మ నాది కాదు. చేతితో చేస్తే పది రోజుల పని." బొమ్మ ఎక్కడ దొరికిందో వెతికి చూస్తే, వ్యక్తిగత వినియోగానికి మాత్రమే అని అక్కడ రాసి ఉంది. ఆ నెమలిని అమ్మమని అడిగిన ఇద్దరికి కుదరదని చెప్పాను.

వీడియో పెట్టేవారికి నాలుగు మాటలు

ఒకటి, మిషను పనిని మిషను పని అనే చెప్పండి. దానివల్ల మన గొప్ప తగ్గదు. చెక్క ఏది, బిట్ ఏది, వేగం ఎంత అని రాస్తే నేర్చుకునేవారికి అదే పెద్ద ఉపకారం.

రెండు, విరిగిన బిట్లు, చెడిన పలకలు కూడా చూపించండి. నా వీడియోలన్నిటిలో ఎక్కువమంది చూసింది ఒత్తులు చెదిరిపోయిన మా ఇంటిపేరు బోర్డే.

మూడు, పేర్ల విషయంలో జాగ్రత్త. కొండపల్లి బొమ్మలకు, ఏటికొప్పాక బొమ్మలకు, నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. తెల్ల పొనికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మ, అంకుడు కర్రను తిప్పుతూ లక్క పూసే ఏటికొప్పాక బొమ్మ ఆయా ఊళ్ళ పనివారి సొత్తు. మన బాల్కనీలో కోసినదానికి ఆ పేర్లు పెట్టకూడదు.

నాలుగు, ఉద్యోగంలో ఉన్నవారికి ప్రత్యేకంగా. సరదాగా చేయడం వేరు, అమ్మడం వేరు, వీడియోల ద్వారా ఆదాయం రావడం వేరు. ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయడాన్ని మన ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. డబ్బు మాట వచ్చేచోట మొదట మీ పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, అనుమతి తీసుకున్నాకే ముందుకు వెళ్ళండి. యూనిఫాం, ఐడీ కార్డు, బ్రాంచి బోర్డు వీడియోలో కనబడకుండా చూసుకోండి.

మొన్న సంక్రాంతి తర్వాత ఆ శిల్పి కొడుకు మా ఇంటికి వచ్చాడు. మిషను నడుస్తుంటే గంటసేపు చూశాడు. "మోటు చెక్క తీసేదానికి పనికొస్తాది సార్, మా నాయనకు భుజం నొప్పి. ముఖం, చేతులు మాత్రం ఆయనే చెయ్యాల" అన్నాడు. పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు, శిల్పులకు మొదటి విడత లక్ష రూపాయలు, రెండో విడత రెండు లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఉందని చెప్పి, మా పాత బ్రాంచికి వెళ్ళమన్నాను. తీసుకోవాలో వద్దో తండ్రీకొడుకులు ఆలోచించుకుంటున్నారు. తొందరపెట్టడం నా పని కాదు.

వెళ్తూ వెళ్తూ తన సంచిలోంచి ఒక పాత ఉలి తీసి ఇచ్చాడు, వాళ్ళ నాన్న పంపాడట. నెమలి మెడ కింద దానితో తొలుస్తున్నాను. వారం అయింది, ఇంకా సగం కూడా కాలేదు. ఒకచోట చెయ్యి జారి ఒక ఈక విరిగింది కూడా. మా ఆవిడ మాత్రం ఈ మధ్య గడియారం సంగతి ఎత్తడం లేదు.